పెద్ద వయసులో పరాయి ఊళ్లో కాపురం

శ్రోతలకు నమస్కారం.

ఉద్యోగాలు అయిపోయాయి. పిల్లల పెళ్లిళ్లు అయిపోయాయి. మనవలు బడికి వెళ్తున్నారు. ఆ వయసులో భార్యాభర్తలిద్దరూ ఇంటికి తాళం వేసి, సొంత డబ్బు పెట్టుకుని, భాష రాని దేశానికి వెళ్లి ఏడాదో ఏడాదిన్నరో సేవ చేసి వస్తామంటే మనమేమంటాం? "ఈ వయసులో మీకెందుకండీ ఆ శ్రమ" అంటాం. కానీ అలా వెళ్లేవాళ్లు వేలల్లో ఉన్నారు.

అమెరికాలో మోర్మన్లని పిలిచే క్రైస్తవ సంఘం ఒకటి ఉంది. సాల్ట్ లేక్ సిటీ దాని కేంద్రం. వాళ్లలో కుర్రవాళ్లు రెండేళ్లు, ఆడపిల్లలు ఏడాదిన్నర మిషనరీలుగా వెళ్లి రావడం ఆనవాయితీ. రిటైరైన దంపతులూ వెళ్తారు. ఆరు నెలల నుంచి 23 నెలల దాకా ఎంతకాలం ఉండాలో వాళ్లే చెప్పుకోవచ్చు. పిల్లల్లా పొద్దస్తమానం బోధకు తిరగరు. ఆఫీసు లెక్కలు చూస్తారు, వైద్య సాయం చేస్తారు, ఎవరికి ఏది చేతనైతే అది.

మిషనరీ దంపతులు మన నేలకు కొత్త కాదు. శామ్యూల్ డే 1840లో నెల్లూరులో స్థిరపడ్డారు. జాన్ క్లౌ 1866లో ఒంగోలు చేరారు. మనవాళ్లూ బయటికి వెళ్లారు. 1903లో నెల్లూరు నుంచి జాన్ రంగయ్య గారు భార్యాబిడ్డలతో ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నాటాల్ వెళ్లారు, అక్కడి తోటల్లో పనిచేసే తెలుగు కూలీల మధ్య ఉండటానికి. అయితే వీళ్లంతా వయసులో ఉండగా వెళ్లినవాళ్లు. నేనివాళ మాట్లాడేది అరవై అయిదు దాటాక వెళ్లేవాళ్ల గురించి. మతం గురించి కాదు, కాపురం గురించి.

తార్నాకలో మా అపార్ట్‌మెంట్‌లో అలాంటి దంపతులు కొంతకాలం అద్దెకున్నారు. ఆయనకు డెబ్బై దాటాయి, ఆవిడ ఆయన కంటే కాస్త చిన్న. ఇక్కడి స్వచ్ఛంద సంస్థతో కలిసి దివ్యాంగులకు వీల్‌చైర్లు అమర్చే పని వాళ్లది. అమర్చడం అని ఎందుకంటున్నానంటే, కుర్చీ చేతికిచ్చి వస్తే సరిపోదు. మనిషి తుంటి కొలత, కాళ్ల పొడవు, వెన్ను నిలిచే తీరు చూసి బిగించాలి. లేకపోతే కూర్చున్నచోట పుండ్లు పడతాయి. ఆ పుండ్లు ప్రాణాలకే ముప్పు. ఆయన నేలమీద మోకాళ్లేసి కూర్చుని ఆ నట్లు బిగిస్తుంటే నేను చూశాను. ఆయన మీద నాకు గౌరవం కలిగింది అక్కడే.

ఇల్లు సర్దుకోవడం పెద్ద కష్టం కాలేదు. తెచ్చుకున్న మిక్సర్ 120 వోల్టులది, మన 230కి పనికిరాదని పెట్టెలోనే ఉంచేశారు. మోటారు ఎప్పుడు వేస్తారో, మంచినీళ్ల క్యాన్ ఎవరికి చెప్పాలో వాచ్‌మన్ భార్య నేర్పింది. రోడ్డు దాటించేదీ ఆమే. ఆవిడ చెయ్యి పట్టుకుని, వచ్చే బస్సుకు రెండో చెయ్యి అడ్డం పెట్టి, "రాండమ్మా, రాండి" అంటూ తీసుకెళ్లేది. నెల తిరిగేసరికి ఆవిడ కూరల బండి దగ్గర వేలు చూపించి బేరమాడటం, కొసరుగా కరివేపాకు అడగటం కూడా నేర్చేసుకుంది. మా పిల్లలు ఆవిడని అమ్మమ్మా అని పిలవడం మొదలుపెట్టారు. అంతా కుదురుకున్నట్టే ఉంది.

కుదరనిది ఇంకొకటి ఉంది. అది బయటికి కనపడదు.

నలభై ఏళ్లు దాటిన కాపురంలో పనులు వాటంతటవే పంచుకుని ఉంటాయి. బ్యాంకు ఆయనది, మందులు ఆవిడవి. ఫోను ఆయనది, పిల్లలతో మాట్లాడటం ఆవిడది. సొంత ఊళ్లో ఇది చక్కగా నడుస్తుంది. ఎందుకంటే ఒకరికి తెలియనిది చెప్పడానికి చుట్టూ మనుషులున్నారు. పాతికేళ్లుగా చూసే డాక్టరున్నాడు, పక్క వీధిలో చెల్లెలుంది. పరాయి ఊళ్లో వాళ్లెవరూ లేరు. అక్కడ ఆయనకు తెలియనిది ఆవిడకు మాత్రమే తెలుసు. ఆవిడకు తెలియనిది ఆయనకు మాత్రమే తెలుసు. మరి ఆ ఒక్కరూ మంచాన పడితే?

వానాకాలం. ఆవిడకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దున తగ్గుతుందిలే అనుకున్నారు. చీకటి పడేసరికి తల ఎత్తలేకపోయింది. మాట తడబడుతోంది. ఆయన వచ్చి మా తలుపు కొట్టారు. అందరం కలిసి దగ్గరలోని ఆసుపత్రికి తీసుకెళ్లాం.

డ్యూటీ డాక్టరు మొదట అడిగిన మాట, "రోజూ ఏ మందులు వాడతారు?"

ఆయనకు తెలియదు. బీపీకి ఒకటి, థైరాయిడ్‌కి ఒకటి, ఇంకా ఏవో ఉన్నాయన్నారు. పేర్లు తెలియవు. ఎన్ని మిల్లీగ్రాములో తెలియదు. వారానికి ఏడు గదులుండే ప్లాస్టిక్ డబ్బా ఒకటి పట్టుకొచ్చారు. అందులో అన్నీ విడి మాత్రలే. తెల్లవి, పసుపువి. ఏది ఏదో చెప్పగలిగిన మనిషి ఒక్కరే, ఆవిడ. ఆవిడకేమో మాట స్పష్టంగా లేదు.

శ్రోతల్లారా, ఆ డాక్టరు ఊరికే అడగలేదు. ఒంట్లో నీరు పోయినప్పుడు కొన్ని బీపీ మాత్రలు, కొన్ని షుగర్ మాత్రలు కిడ్నీలకు చేటు చేస్తాయి. వాటిని తాత్కాలికంగా ఆపాల్సి రావచ్చు. ఆపాలంటే అవేమిటో తెలియాలి కదా.

అమెరికాలో అప్పుడు పగలు. అది అదృష్టం. ఆయన కూతురికి ఫోన్ చేస్తే, ఆ అమ్మాయి వాళ్ల ఊరి మందుల షాపుకు ఫోన్ చేసి జాబితా పంపింది. అప్పటిదాకా సెలైన్ ఎక్కుతూనే ఉంది కానీ, వరండాలో ఆ పెద్దాయన టెన్షన్ చూడలేకపోయాను. ఖాళీ చేతులు చూసుకుంటూ, "నాకు తెలిసి ఉండాల్సింది, నాకు తెలిసి ఉండాల్సింది" అని అదే మాట అనుకుంటున్నారు. ఆవిడ కోలుకుని రెండు రోజులకు ఇంటికొచ్చింది.

ఆ తర్వాత వాళ్లు చేసిన పని నాకెంతో నచ్చింది. పనులు మార్చుకున్నారు. శాశ్వతంగా కాదు, వారంలో ఒక రోజు. ఆ రోజు మందులు ఆయన సర్దుతారు. ఆవిడ ఆటో పిలిచి, డబ్బు తనే ఇచ్చి, ఒక్కతే తార్నాక చౌరస్తా దాకా వెళ్లి వస్తుంది. మొదట్లో భయపడింది. తర్వాత ఆ రోజు కోసం ఎదురుచూసేది. నన్నడిగితే, వాళ్లు నిజంగా హైదరాబాద్‌లో కుదురుకున్నది అప్పటినుంచే.

ఈ కథ మీకెందుకు చెబుతున్నానంటే, ఇది మన ఇళ్లలోదే. మన అమ్మానాన్నలు పిల్లల దగ్గరికని డాలస్ వెళ్తున్నారు, న్యూజెర్సీ వెళ్తున్నారు. నెలల తరబడి ఉంటున్నారు. అక్కడ నాన్నగారి మందులు అమ్మకే తెలుసు. అబ్బాయి ఫోన్ నంబరు అమ్మ నోటికి రాదు, నాన్నగారి ఫోన్లో ఉంటుంది. పిల్లలు ఆఫీసుకు వెళ్లాక మధ్యాహ్నం పూట ఏదైనా అయితే 911కి ఫోన్ చేయాలని ఇద్దరిలో ఎవరికి తెలుసు? ఇంటి నంబరు, వీధి పేరు చెప్పగలిగేది ఎవరు? మన డాక్టరు రాసిచ్చిన చీటీ అక్కడి మందుల షాపులో చెల్లదు. కాబట్టి అక్కడికి వెళ్లాక చూసుకుందాం అంటే కుదరదు.

నాకు ఇంకా కాసేపే సమయం ఉంది. అందుకని ఒక్క పనే చెబుతాను.

ప్రయాణానికి ముందు ఒక కాగితం తీసుకోండి. అందులో మందు కంపెనీ పేరు కాదు, అసలు మందు పేరు రాయండి. కంపెనీ పేర్లు దేశానికొకటి. మనం థైరోనార్మ్ అనో ఎల్ట్రాక్సిన్ అనో కొనే థైరాయిడ్ మాత్రను అమెరికాలో సింథ్రాయిడ్ అని అమ్ముతారు. లోపలున్నది మాత్రం అన్నిట్లోనూ లెవోథైరాక్సినే. డోలో అంటే అక్కడి వాళ్లకు తెలియదు, టైలినాల్ అంటే తెలుస్తుంది. ఒక్కోసారి అసలు పేరు కూడా మారుతుంది. మన పారాసెటమాల్‌ని అక్కడ ఎసిటమినోఫెన్ అంటారు. ఆయాసానికి పీల్చే సాల్బుటమాల్‌ని ఆల్బుటెరాల్ అంటారు. అందుకని రెండు పేర్లూ రాయించుకోండి. మీ డాక్టరో, మెడికల్ షాపులో చదువుకున్న ఫార్మసిస్టో రాసిపెడతారు. పక్కనే ఎంత మోతాదు, ఏ పూట, ఎందుకోసం అన్నది రాయండి. పడని మందు ఏదైనా ఉంటే ఎర్ర సిరాతో రాయండి. కింద అక్కడి ఇంటి అడ్రసు, పిల్లల ఫోన్ నంబర్లు. మాత్రలు స్ట్రిప్పుల్లోనే ఉంచండి, విడదీసి డబ్బాలో పోయకండి. చీటీతో సహా చేతిసంచిలో పెట్టుకోండి, పెద్ద పెట్టెలో వద్దు.

ఒక్క షరతు. అమ్మ మందుల కాగితం నాన్నగారు రాయాలి. నాన్నగారిది అమ్మ రాయాలి. పిల్లలు టైప్ చేసి ఇస్తామంటే వద్దనండి. తన చేత్తో రాసుకున్నది ఆసుపత్రి వరండాలో కూడా గుర్తొస్తుంది. రాశాక ఒకరిది ఒకరు పైకి చదివి వినిపించుకోండి. మర్నాడు కాగితం చూడకుండా ఇంకోసారి చెప్పుకోండి.

వచ్చే నెల ప్రయాణం పెట్టుకున్నవాళ్లు ఈ ఆదివారమే కూర్చోండి. నమస్కారం.