పురుగు పేరు చెప్పి
(చిత్తూరులో గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలందరినీ పేరుపేరునా తలుచుకోవాలనే ఉంది, కానీ సభ మొదలయ్యేసరికే గంట ఆలస్యమైంది. మన్నించాలి.

దేశాల మధ్య చాటుమాటు పోరు మీద మాట్లాడమన్నారు. ముందు వరసలో పిల్లలు గూఢచారుల కోసం ఎదురుచూస్తున్నట్టున్నారు. వాళ్ల కోసం ఒక్కటి చెప్పేస్తా. 2014లో ఉక్రెయిన్‌కు చెందిన క్రిమియాలో బ్యాడ్జీల్లేని సైనికులు దిగారు. వాళ్లు స్థానిక ఆత్మరక్షణ దళాలే, అలాంటి దుస్తులు అంగళ్లలో దొరుకుతాయి అన్నాడు పుతిన్ మార్చిలో. ఏప్రిల్లో మావాళ్లు ఉన్నారని ఒప్పుకున్నాడు. అప్పటికే క్రిమియాను కలిపేసుకున్నారు. అంతే, పిల్లలూ.

నేను మాట్లాడాల్సింది పండ్ల గురించి.

2012 ఏప్రిల్లో దక్షిణ చైనా సముద్రంలో, రెండు దేశాలూ మాదంటే మాదనే స్కార్‌బరో దిబ్బ దగ్గర ఫిలిప్పీన్స్ నౌకలూ చైనా నౌకలూ ఎదురెదురుగా నిలబడ్డాయి. తూటా పేలలేదు. మే వచ్చేసరికి చైనా రేవుల్లో ఫిలిప్పీన్స్ అరటి కంటైనర్లు ఆగిపోయాయి. దిబ్బ కోసమా అంటే, అబ్బే, కాయల్లో పురుగు కనబడింది, తనిఖీ పెంచాం అన్నారు. అరటిపండు తనిఖీ కోసం ఎన్నాళ్లు కాచుకుంటుందో ఈ జిల్లా వాళ్లకు నేను చెప్పాలా? రేవులోనే కుళ్లింది. జూన్‌లో ఫిలిప్పీన్స్ తన నౌకల్ని వెనక్కి పిలిపించుకుంది. వాతావరణం బాగాలేదని చెప్పింది. వెనక్కి తగ్గేవాడికీ ఒక సాకు కావాలి కదా! దిబ్బ మాత్రం చైనా చేతికి పోయింది.

నాకు ఒక గుజ్జు ఫ్యాక్టరీ గేటు గుర్తొస్తుంది. పేరు చెప్పను, మీలో సగం మందికి చెప్పకుండానే తెలుసు. మా తమ్ముడి బెంగళూర మామిడికాయల ట్రాక్టరుకు తోడుగా గేటు బయట పడుకున్నాను. రేటు తగ్గించామని ఒక్కరూ అనలేదు. మిషన్ రిపేరన్నారు. తర్వాత కాయ పక్వానికి రాలేదన్నారు. మర్నాడు అదే కాయ మెత్తబడిపోయిందన్నారు. అడుగు కాయలు చితికి రసం టైర్ల మీదికి కారతా ఉంది, ఒకటే ఈగలు. సాయంత్రం ఒక బ్రోకరు వచ్చి మా తమ్ముణ్ణి పక్కకు పిలిచాడు. సగం రేటుకు వీడు తలూపాడో లేదో, మిషన్ బాగైపోయింది! నవ్వకండి. ఆ రోజు మా తమ్ముడు నవ్వలేదు.

కేసు వేద్దామంటే ఎవరి మీద వేస్తాం? మిషన్లు రిపేరుకు రావా? వస్తాయి. కాయలో పురుగు ఉండదా? ఉంటుంది. సాకు పచ్చి అబద్ధమైతే పట్టుకోవచ్చు, ఇది నిజంలోంచి గిల్లి తీసింది. తైవాన్ నాదే అంటుంది చైనా. 2021లో ఆ తైవాన్ సీతాఫలాన్ని ఆపింది, పిండినల్లి అనే పురుగుంది అంది. 2023 ఆగస్టులో తైవాన్ అప్పటి ఉపాధ్యక్షుడు లై చింగ్-తె అమెరికా మీదుగా తిరిగొచ్చిన కొద్ది రోజులకే తైవాన్ మామిడిని ఆపింది, మళ్లీ పిండినల్లే. మా తోటలో పిండినల్లి లేదని ఇక్కడున్న ఒక్క రైతు ప్రమాణం చేయమనండి చూద్దాం!

అందుకే పురుగు ఉందా లేదా అని నేను అడగను. పోవాలంటే ఏం చేయాలో చెప్పారా, ఏం జరిగాక వదిలారు, ఈ రెండే అడుగుతాను. 2014 మేలో ఐరోపా మన మామిడిని పండుఈగ ఉందని ఆపింది. నష్టపోయాం, తిట్టుకున్నాం. తనిఖీలు సరిచేసుకున్నాక 2015 జనవరిలో ఎత్తేశారు. ఫిలిప్పీన్స్ పండ్ల సంగతి చూడండి. 2016 అక్టోబరులో అధ్యక్షుడు దుతెర్తె బీజింగ్ వెళ్లి చేతులు కలిపాక ఆంక్షలు సడలాయి. పురుగులకు కూడా దౌత్యం తెలుసన్నమాట.

2025లో కర్ణాటక తోతాపురి, అదే మన బెంగళూర కాయ, మన జిల్లాలోకి రాకూడదని కలెక్టరు ఉత్తర్వు ఇచ్చారు. తప్పో ఒప్పో, కాగితం ఉంది. దాని మీద కర్ణాటక ముఖ్యమంత్రిగా సిద్ధరామయ్య ఉత్తరం రాయగలిగారు. కాగితం లేనిదానికి ఉత్తరం ఎక్కడికి రాస్తాం?

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. ఒక్క మాట, కొందరికి నచ్చదు. 2015 సెప్టెంబరులో నేపాల్ కొత్త రాజ్యాంగం తెచ్చుకుంది. మనకు అది రుచించలేదు. ఆ నెలలోనే సరిహద్దులో మన లారీలు ఆగాయి. భూకంపం వచ్చి ఆరు నెలలు కూడా కాలేదు, అక్కడ గ్యాసుకూ పెట్రోలుకూ మందులకూ కటకట. దిగ్బంధం మేం పెట్టలేదు, ఆ రాజ్యాంగం నచ్చని దక్షిణ నేపాల్ మధేశీల ఆందోళనల వల్ల డ్రైవర్లు భయపడుతున్నారు అంది ఢిల్లీ. ఆందోళనలు నిజమే, జనం చచ్చిపోయారు కూడా. 2016 ఫిబ్రవరికి గానీ లారీలు మామూలుగా కదల్లేదు. నా రెండు ప్రశ్నలూ దీనికి వేసి చూడండి. కోపమొచ్చినవాళ్లు మైకు తీసుకోవచ్చు, నేను ఇక్కడే కూర్చుంటాను.