పుల్లలాంటి మనిషి, పుల్లలు పెట్టే వేషాలు

(తెర మీద: నెల్లూరు ట్రంక్ రోడ్డు, సాయంత్రం)

నమస్తే అండీ. ‘మిస్సమ్మ’లో మేరీ, పెళ్లే కాకుండా ఇంకొకరి భార్యనని అబద్ధమాడి ఉద్యోగంలో ఎందుకు చేరుతుంది? అప్పు తీర్చడానికి. తీర్చలేకపోతే నన్ను పెళ్లాడమని అప్పిచ్చిన డేవిడ్ వెంటపడుతుంటాడు. ఆ డేవిడ్‌ని తీసేస్తే 1955 నాటి ఆ కథ అసలు మొదలే కాదు.

(డేవిడ్ ఫొటో)

ఆ వేషం వేసింది మా నెల్లూరాయనే. తిక్కవరపు వెంకట రమణారెడ్డి గారు. 1921లో జగదేవిపేటలో పుట్టారు. సినిమాల్లోకి రాకముందు శానిటరీ ఇన్‌స్పెక్టర్. వీధులు, కాలువలు, జనం గొడవలు. ఆ తిరుగుళ్లలోనే ఎన్ని రకాల మనుషుల్ని పట్టేసుకున్నారో అనిపిస్తుంది నాకు. స్టూడియోలేమో మద్రాసులో. 1953 దాకా నెల్లూరు కూడా మద్రాసు రాష్ట్రంలోదే, రైలెక్కితే కొన్ని గంటల దూరం.

ఇక ఆ ఒళ్లు! విలనంటే బుర్ర మీసం, కండలు ఉండాలి కదా. ఈయన్ని ఊదితే ఎగిరిపోయేలా ఉంటారు. అందుకే ఎంత కుట్ర పన్నుతున్నా మనకు భయం వెయ్యదు, ఎక్కడ దొరికిపోతాడా అని నవ్వొస్తుంది. లావుపాటి రేలంగి పక్కన నిలబడితే మాట కూడా అక్కర్లేదు. 1957లో ‘మాయాబజార్’లో కొండంత ఘటోత్కచుడి పక్కన ఈ బక్కాయన చిన్నమయ! ఎస్వీ రంగారావు ఉన్న ఫ్రేములో కూడా కళ్లు ఈయన మీదికే పోతాయి. తెర బయట కూడా మాయలు వదల్లేదు, మేజిక్ నేర్చుకుని ప్రదర్శనలిచ్చారు.

(‘గుండమ్మ కథ’ పోస్టర్)

1962లో పాలు పోసే గంటయ్య. గుండమ్మ కూతుర్ని తన మేనల్లుడు భూపతికి కట్టబెట్టాలని చూస్తాడు. భూపతి ఎవరనుకున్నారు? రాజనాల. ఆయనది కావలి, మా జిల్లానే! పుల్ల మామది, కండ అల్లుడిది.

1974 నవంబరు 11న రమణారెడ్డి గారు పోయారు. 53 ఏళ్లు.

మా అమ్మమ్మకు ఆయన పేరు ఎప్పుడూ గుర్తుండేది కాదు. టీవీలో ‘మిస్సమ్మ’ వస్తే మాత్రం వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటా వచ్చి, “ఆ అప్పులాయన వచ్చినాడా? రాకుంటే పిలవబాకండి, ఇంకా మొదలు కాలేదు” అనేది.