శ్రీశైలం దారిలో అక్క మహాదేవి

శ్రోతలకు నమస్కారం.

ముందుగా ఒక కల చెబుతాను. కన్నది 12వ శతాబ్దపు కన్నడ అమ్మాయి, అక్క మహాదేవి. కలలో ఆమెకు బియ్యం, వక్కలు, తాటాకు, కొబ్బరికాయ కనిపించాయి. అంతలో చిన్న చిన్న జడలు, చక్కని పలువరుస ఉన్న జంగమయ్య ఒకాయన భిక్షకని ఇంటికొచ్చాడు. వచ్చినట్టే వచ్చి వెళ్లిపోతుంటే ఆమె వెంటపడి చెయ్యి పట్టుకుంది. చూస్తే చెన్నమల్లికార్జునుడు! మెలకువ వచ్చేసింది.

దర్శనమంటే మనం మెరుపులూ దివ్యకాంతులూ ఊహించుకుంటాం. ఇక్కడున్నవి పెళ్లింటి సరుకులు. పైగా దేవుడు వరమివ్వడానికి రాలేదు, బిచ్చానికొచ్చాడు. ఈ కల ఆమె చెప్పిన ఒక వచనంలోది. వచనాలంటే కన్నడంలో శివభక్తులు చెప్పిన చిన్న చిన్న వచన కవితలు. ఆమె వచనాల్లో నాకు మరీ ఇష్టమైనది ఇదే.

ఆమెది ఇప్పటి శివమొగ్గ జిల్లాలోని ఉడుతడి. కౌశికుడనే రాజు ఆమెను కోరాడు. పెళ్లి జరిగిందని హరిహర కవి రాశాడు, జరగలేదని తర్వాతివాళ్లు అన్నారు. ఏదైతేనేం, రాజునీ నగలనీ చివరికి కట్టుబట్టనీ వదిలేసి, జుట్టునే కప్పుకుని బయల్దేరింది. ఒంటరి ఆడపిల్లకు దారిలో తిండెలా, పడకెలా? దీనికీ ఒక వచనంలో ఆమే జవాబు చెప్పింది. ఆకలేస్తే ఊళ్లో భిక్ష ఉంది, దాహమేస్తే చెరువులూ బావులూ ఉన్నాయి, పడుకోవడానికి పాడుబడ్డ గుళ్లున్నాయి, మనసుకు తోడుగా నువ్వున్నావు అంటుంది మల్లికార్జునుడితో.

నడిచి నడిచి కల్యాణం చేరింది. ఇప్పటి బీదర్ జిల్లా బసవకల్యాణ్ అన్నమాట. అక్కడ బసవన్న, అల్లమప్రభువు, ఇంకా ఎందరో శరణులు, అంటే శివభక్తులు, ఉన్నారు. లోపలికి రమ్మనలేదు సరికదా, అల్లముడు గట్టిగానే నిలదీశాడు. నీ భర్తెవరు? చెన్నమల్లికార్జునుడు. మరి అన్నీ వదిలినదానివి, ఒంటిని జుట్టుతో కప్పడమెందుకు? పండు లోపల పండనిదే పైతొక్క రంగు మారదయ్యా, నన్ను చూసి మీరు బాధపడకూడదని కప్పుకున్నాను అంది. ఇబ్బంది తనది కాదు, చూసేవాళ్లదని ఎంత నెమ్మదిగా చెప్పిందో చూడండి. వయసులో పెద్దవాళ్లు కూడా ఆమెను అక్కా అనే పిలిచారు.

అంత గౌరవం దొరికినా కల్యాణంలో ఉండిపోలేదు. ఆమె పాడిన దేవుడు శ్రీశైలంలో ఉన్నాడు మరి. ఒక వచనంలో చిలకల్ని, కోకిలల్ని, తుమ్మెదల్ని, నెమళ్లని నిలిపి అడుగుతుంది, మా ఆయన్ని చూశారా అని. చివరికి శ్రీశైలం దగ్గరి కదళీవనంలో ఆయనలో కలిసిపోయిందని భక్తులు చెబుతారు. పాతాళగంగ నుంచి కృష్ణ మీద పడవలో వెళితే, ఆమె పేరుతోనే పిలిచే గుహలు వస్తాయి.

ఇప్పటికీ ఉగాదికి కర్ణాటక నుంచి వేలమంది నల్లమల అడవి మీదుగా కాలినడకన శ్రీశైలం వస్తారు. భ్రమరాంబ వాళ్లకు ఇంటి ఆడపడుచు, మల్లన్న అల్లుడు. ఆడపడుచుకని చీరా సారె, పసుపూ కుంకుమా మోసుకొస్తారు.