ఆరు యాప్‌లు, ఆరు వాలెట్లు: హైదరాబాద్–విజయవాడ దారిలో కారు ఛార్జింగ్, చెల్లింపుల రివ్యూ

నమస్కారం. నా వెనక కనిపిస్తున్నది సూర్యాపేట దగ్గర ఒక హోటల్ ఆవరణలో ఉన్న డీసీ ఫాస్ట్ ఛార్జర్. కారు నెక్సాన్ ఈవీ, అంటే కరెంటుతో నడిచేది; బ్యాటరీ 40.5 కిలోవాట్ అవర్లు, అంటే 40.5 యూనిట్లు. ఉదయం ఎల్బీనగర్‌లో వంద శాతంతో బయలుదేరాం. సుమారు 125 కిలోమీటర్లు వచ్చేసరికి 45 శాతం మిగిలింది. ఏసీ నడిచింది, హైవే వేగం, కారులో నలుగురం. ఈ లెక్క గుర్తుంచుకోండి, డబ్బు దగ్గరికి వచ్చినప్పుడు మళ్లీ వాడతాను.

మూడు నెలల్లో ఈ దారిలో మూడుసార్లు వెళ్లి వచ్చాను. ప్రతిసారీ వేరువేరు సంస్థల ఛార్జర్లు వాడాను. ఇది కారు రివ్యూ కాదు, ఛార్జర్ యంత్రం రివ్యూ కూడా కాదు. గన్ (కారుకు తగిలించే ఛార్జింగ్ ప్లగ్) పెట్టి, డబ్బు కట్టి, కరెంటు ఎక్కించుకుని బయలుదేరేదాకా మనకు ఎదురయ్యే పనులన్నిటి రివ్యూ.

మంచి మాటతో మొదలుపెడతాను. ఛార్జర్లకు కరువు లేదు. చౌటుప్పల్, నార్కట్‌పల్లి, సూర్యాపేట, కోదాడ, నందిగామ, ఎక్కడ ఆగినా దగ్గరలో ఏదో ఒకటి దొరుకుతోంది. గన్ విషయంలోనూ గందరగోళం లేదు. ఇప్పుడు మన దగ్గర అమ్ముడవుతున్న కార్లలో చాలావాటికి సీసీఎస్2 అనే ఒకే రకం గన్ సరిపోతుంది. ఒక్క జాగ్రత్త చెబుతాను. ఛార్జర్ మీద 60 కిలోవాట్లు అని రాసి ఉన్నా, రెండు గన్‌లు ఉంటే, పక్కన ఇంకో కారు ఉంటే ఆ 60 సగానికి పంచుకోవలసి రావచ్చు. పైగా 80 శాతం దాటాక వేగం పడిపోతుంది, అది బ్యాటరీని కాపాడుకోవడానికి కారే చేసే పని. అందుకే వెనక మరొకరు ఎదురుచూస్తుంటే నేను 85 దగ్గర ఆపేస్తాను.

ఇక ఈరోజు బిల్లు చూడండి. 45 నుంచి 85 శాతానికి 17 యూనిట్లు ఎక్కింది, దాదాపు అరగంట పట్టింది. యూనిట్ 20 రూపాయలు, అంటే 340. దాని మీద 18 శాతం జీఎస్టీ, 61 రూపాయల 20 పైసలు. మొత్తం 401 రూపాయల 20 పైసలు. యాప్‌లో పెద్ద అక్షరాలతో కనిపించేది ఆ 20 మాత్రమే. నిజంగా మనం కట్టేది యూనిట్‌కు 23 రూపాయల 60 పైసలు. ఈ ఛార్జింగ్‌తో మాకు 90 కిలోమీటర్లు వస్తాయి, అంటే కిలోమీటరుకు నాలుగు రూపాయల పైచిలుకు. ఇంట్లో ఎక్కించుకుంటే యూనిట్ పది రూపాయలు వేసుకున్నా కిలోమీటరుకు రెండు రూపాయలు. ఇదే పరిమాణంలోని పెట్రోలు కారుకైతే ఏడు రూపాయల దాకా పడుతుంది. కాబట్టి ధర మీద నాకు పెద్ద ఫిర్యాదు లేదు. కారు కొంటే 5 శాతం జీఎస్టీ, ఆ కారుకు దారిలో ఛార్జింగ్ పెడితే 18 శాతం. ఇది మాత్రం నాకు సబబుగా అనిపించడం లేదు. ఇంట్లో పార్కింగు లేనివాళ్లు, అద్దె ఇళ్లలో ఉండేవాళ్లు, ట్యాక్సీ నడుపుకునేవాళ్లు ఈ స్టేషన్ల మీదే ఆధారపడతారు. ఆ భారం వాళ్ల మీదే పడుతుంది.

ఇప్పుడు అసలు విషయం. నా ఫోనులో ఆరు ఛార్జింగ్ యాప్‌లు ఉన్నాయి. ప్రతి యాప్‌లో ఫోను నంబరు, ఓటీపీ, పేరు, ఈమెయిలు, కారు నంబరు. ఆ తర్వాత వాలెట్‌లో ముందుగా డబ్బు వేయాలి. మొదటి ప్రయాణంలో మా నాన్నగారు పక్క సీట్లో కూర్చుని ఇదంతా చూశారు. పది నిమిషాలైంది, సిగ్నల్ సరిగా లేదు, ఓటీపీ రావడం లేదు. ఆయన అడిగారు: “బంకులో మన పేరు కూడా అడగరు కదరా, ఇక్కడ ఇన్ని వివరాలెందుకు?” ఆ ప్రశ్నకు నా దగ్గర సరైన జవాబు లేకపోయింది. తోపుడుబండి మీద జామకాయలు అమ్మే ఆమె దగ్గర క్యూఆర్ స్కాన్ చేసి ఇరవై రూపాయలు కట్టగలుగుతున్నాం. లక్షల రూపాయల యంత్రం దగ్గర అది కుదరడం లేదు.

రెండో ప్రయాణంలో, తిరుగు దారిలో కోదాడ దాటాక జరిగింది చెబుతాను. సంస్థ పేరు చెప్పను, ఎందుకంటే ఇది ఒక్క సంస్థ తప్పు కాదు, పద్ధతిలోనే ఉన్న లోపం. వాలెట్‌లో 500 వేశాను. ఛార్జింగ్ మొదలైంది, నాలుగు నిమిషాలకు ఆగిపోయింది. ఎక్కింది రెండు యూనిట్లు. మళ్లీ మొదలుపెడదామంటే “మీ సెషన్ నడుస్తోంది” అని యాప్ చూపిస్తోంది. పక్క గన్ ఖాళీగా ఉన్నా నా ఖాతాతో అది తెరుచుకోదు. డబ్బేమో లాక్ అయిపోయింది. కస్టమర్ కేర్‌కు ఫోను చేస్తే, వాళ్ల తెరమీద కూడా సెషన్ నడుస్తున్నట్టే ఉందన్నారు. కారు దగ్గర నిలబడి నేను ఆగిపోయిందంటున్నాను, వాళ్లు నడుస్తోందంటున్నారు.

ఇలా ఎందుకవుతుందంటే, ఛార్జర్‌లో కూడా మన ఫోనులో లాగే ఒక సిమ్ ఉంటుంది. గన్ పెట్టాం, మొదలైంది, ఇన్ని యూనిట్లు ఎక్కాయి, ఆగింది అనే కబుర్లన్నీ ఆ సిమ్ ద్వారా సంస్థ సర్వర్‌కు వెళ్తాయి. ఆ సమయంలో సిగ్నల్ పోతే “ఆగింది” అన్న కబురు చేరదు. చేరేదాకా సర్వర్ లెక్కలో మనం ఛార్జింగ్ చేస్తూనే ఉంటాం. సాంకేతికంగా అర్థం చేసుకోదగ్గ ఇబ్బందే. కానీ ఆ ఇబ్బంది ఖర్చు మొత్తం ఎండలో నిలబడ్డ మనిషి మీద వేయడం న్యాయం కాదు. నా డబ్బు తొమ్మిది రోజులకు తిరిగి వచ్చింది. వచ్చింది బ్యాంకు ఖాతాలోకి కాదు, మళ్లీ అదే వాలెట్‌లోకి.

ఇక్కడ ఒక నిబంధన తెలుసుకోవాలి. యూపీఐతో దుకాణానికి డబ్బు కట్టినప్పుడు మన ఖాతాలోంచి పోయి, అవతల చేరినట్టు నిర్ధారణ కాకపోతే, 5 రోజుల్లో తిరిగి జమ కావాలి. ఆలస్యమైతే రోజుకు 100 రూపాయల చొప్పున పరిహారం ఇవ్వాలి. ఇది 2019 సెప్టెంబరులో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం. కానీ మన 500 వాలెట్‌లోకి విజయవంతంగానే చేరింది కదా! అక్కడితో యూపీఐ పని ముగిసింది. ఆ తర్వాత ఛార్జింగ్ ఆగిపోతే ఆ ఆదేశం మనకు అక్కరకు రాదు. సొంత సేవలకు మాత్రమే వాడుకునే ఇలాంటి వాలెట్లు నడపడానికి రిజర్వ్ బ్యాంకు అనుమతి కూడా అవసరం లేదు. అందుకే నేను వాలెట్‌లో ఆ రోజుకు కావలసినంతే వేస్తాను. వెయ్యి వేస్తే వంద అదనం అన్న ఆఫర్లకు ఆశపడను, మీరూ పడకండి.

దీనికి దారి లేదా? ఉంది, మన దేశంలోనే ఉంది. ఐపీఓకు, అంటే ఒక కంపెనీ మొదటిసారి జనానికి అమ్మే షేర్లకు, దరఖాస్తు చేసినప్పుడు యూపీఐలో డబ్బు ఖాతాలోనే బ్లాక్ అవుతుంది, షేర్లు వస్తేనే పోతుంది, రాకపోతే విడుదలవుతుంది. ఛార్జింగ్‌కు కూడా అదే చేయవచ్చు. 600 బ్లాక్ చేయండి, 401 తీసుకోండి, మిగతాది వదిలేయండి. వాలెట్ అక్కర్లేదు, రీఫండ్ అన్న మాటే ఉండదు.

బ్రిటన్‌లో ఉంటున్న మా పిన్ని కొడుకు ఛార్జర్‌కు బ్యాంకు కార్డు తాకించి కట్టేస్తానని చెప్పాడు. అక్కడ 2023లో చట్టపరమైన నిబంధనలు తెచ్చారు. 2024 నవంబరు 24 నుంచి 50 కిలోవాట్లు, ఆపైన ఉన్న పబ్లిక్ ఛార్జర్లన్నిటి దగ్గరా కార్డు తాకించి కట్టే వీలు ఉండి తీరాలి. వేగంగా ఛార్జ్ చేసే నెట్‌వర్క్‌లు ఏడాది సగటున 99 శాతం సమయం పనిచేస్తూ ఉండాలి. అంటే ఇది కంపెనీల మంచితనానికి వదిలేయకుండా చట్టంతో చేయించిన పని. మన దగ్గర ఎలక్ట్రిక్ వాహనాల కోసం కేంద్రం తెచ్చిన పీఎం ఈ-డ్రైవ్ పథకంలో ఛార్జింగ్ స్టేషన్లకు 2,000 కోట్ల రూపాయలు కేటాయించారు. అన్ని నెట్‌వర్క్‌లకూ కలిపి ఒకే యాప్ తయారీని ప్రభుత్వ రంగ సంస్థ బీహెచ్ఈఎల్‌కు అప్పగించే ఆలోచనను 2025లో కేంద్రం ప్రకటించింది. ఆ యాప్ వస్తే దానికీ ఇలాగే పూర్తి రివ్యూ చేస్తాను. అందులో మరో వాలెట్ మాత్రం ఉండకూడదు.

ఇంకో సంగతి. 2024 సెప్టెంబరు నాటి కేంద్ర మార్గదర్శకాల ప్రకారం ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు ఛార్జింగ్ స్టేషన్లకు కరెంటు చౌకగా ఇవ్వాలి, సగటు సరఫరా ఖర్చులో 0.7 రెట్లకే. మిగతా వేళల్లో 1.3 రెట్లు. ఎందుకంటే పగటిపూట సౌర విద్యుత్తు దండిగా ఉంటుంది. కానీ నేను ఉదయం పదకొండింటికి కట్టిన రేటు, రాత్రి ఎనిమిదింటికి కట్టిన రేటు ఒకటే.

నా తీర్పు ఇది. టాటా పవర్, స్టాటిక్, ఛార్జ్ జోన్, జియో-బీపీ, పెట్రోలు కంపెనీల స్టేషన్లు, ఏది వాడినా యూనిట్‌కు రూపాయి రెండు రూపాయల తేడా చూసి ఎంచుకోకండి. సెషన్ మధ్యలో ఆగిపోతే ఏం చేస్తారో చూడండి. ఫోను ఎత్తుతారా? దూరం నుంచే ఛార్జర్‌ను మళ్లీ మొదలుపెట్టగలరా? వాలెట్ లేకుండా కట్టనిస్తారా? నేను మార్కులు వేసేది వీటికే. కొత్త యాప్ అయితే ఇంటి దగ్గర వైఫైలోనే ఖాతా తెరిచి బయలుదేరండి. స్టేషన్‌కు చేరాక గుడ్డిగా యంత్రాన్ని నమ్మకుండా అక్కడి మనుషులను కూడా అడగండి. ఈరోజు ఈ ఛార్జర్ మొదట పనిచేయలేదు. హోటల్ వాచ్‌మన్ వచ్చి, “ఆ ఎర్ర బటన్ ఎవరో నొక్కి వదిలేశారు సార్, కుడివైపు తిప్పండి” అన్నారు. తిప్పగానే లైటు వెలిగింది. రోజుకు ఇలా నలుగురైదుగురికి చెబుతున్నానన్నారు. ఆ పనికి ఆయనకు ఏ ఛార్జింగ్ సంస్థా జీతం ఇవ్వడం లేదు.

రికార్డింగ్‌కు ముందు యాప్‌లన్నీ తెరిచి చూశాను. ఆరు వాలెట్లలో కలిపి 1,386 రూపాయలు మిగిలి ఉన్నాయి. అందులో రెండు యాప్‌ల స్టేషన్లకు నేను మళ్లీ వెళ్తానో లేదో తెలియదు. మీరు కూడా ఒకసారి తెరిచి చూసి, మీ డబ్బు ఎంత అలా ఉండిపోయిందో కింద రాయండి. ఆ మొత్తాలన్నీ కూడి సంక్రాంతి రద్దీలో ఇదే దారిలో చేయబోయే వీడియోలో చదువుతాను.