నెత్తి మాత్రమే మిగిలిన జంతువు

అందరికీ నమస్కారం. డైనోసార్ అనగానే పిల్లలు టి-రెక్స్ పేరే చెబుతారు. నేను మాత్రం ఇవాళ మేకంత బరువుండే ఒక డైనోసార్ గురించి మాట్లాడదామని వచ్చాను. దాని పేరు స్టెగోసెరాస్. రెండు కాళ్ల మీద నడుస్తూ ఆకులలములు తినేది. మూతి నుంచి తోక కొస దాకా రెండు మీటర్ల పైచిలుకు. నెత్తి మాత్రం గిన్నె బోర్లించినట్టు ఉబ్బి ఉండేది, అదంతా గట్టి ఎముకే.

1902లో దీనికి పేరు పెట్టినది కెనడాకు చెందిన లారెన్స్ లాంబ్. ఆల్బర్టాలో రెడ్ డీర్ నది ఒడ్డున దొరికిన నెత్తి ముక్కలే ఆయనకు ఆధారం. ఏరు పల్చటి ఎముకల్ని చితక్కొట్టేస్తుంది. పిడికిలంత నెత్తి మాత్రం రాయిలా నిలుస్తుంది. 1924లో చార్లెస్ గిల్మోర్ పూర్తి పుర్రెను వర్ణించాక గానీ దీని ముఖం ఎలా ఉండేదో తెలియలేదు. అప్పుడూ పళ్ల పోలిక చూసి ట్రూడాన్ అనే వేరే డైనోసార్‌లో కలిపేశారు. ట్రూడాన్ పక్షులకు దగ్గరి చుట్టం, దీనికి ఏమీ కాదు. ఆ చిక్కు 1945లో విడింది.

ఆ నెత్తి ముక్కలు దొరికిన చోట ఇప్పుడు ఎండిపోయిన మట్టిదిబ్బలే. సుమారు 7.6 కోట్ల ఏళ్ల కిందట అది నదులు పారే తడి మైదానం. తూర్పున ఉత్తర అమెరికాను రెండుగా చీల్చిన సముద్రం. కొమ్ముల సెంట్రోసారస్‌లు మందలుగా తిరిగేవి, వాటి వెనకే వేటాడే గోర్గోసారస్ ఉండేది. అంత పెద్ద జంతువుల మధ్య ఈ చిన్నది బతికింది!

ఇంతకీ ఆ నెత్తి ఎందుకు? మన పొట్టేళ్ల పందెం గుర్తు తెచ్చుకోండి. అలాగే ఢీకొట్టుకునేవని చాలామంది నమ్మారు, 2004లో కొందరు గట్టిగా కాదన్నారు. 2011లో స్కాన్ తీసి చూస్తే పైన గట్టి పొర, కింద స్పాంజి లాంటి పొర, మెదడు దగ్గర మళ్లీ గట్టి ఎముక కనబడ్డాయి. ఢీకొట్టుకునే జంతువుల పుర్రెలూ దాదాపు ఇలాగే ఉంటాయి. 2013లో ఈ కుటుంబానికి చెందిన 109 నెత్తుల్ని పరిశీలిస్తే, 22 శాతం వాటిలో గుంటలున్నాయి. దెబ్బ తగిలి, చీము పట్టి ఎముక తినేసిన గుంటలు. అవి చూశాక నేను ఢీకొట్టుకునేవన్న వాదన వైపే మొగ్గాను.

ఇంకో మాట. పిల్లగా ఉన్నప్పుడు స్టెగోసెరాస్ నెత్తి చదునుగా ఉండేది, వయసుతో ఉబ్బేది. 2013లో చూసిన వాటిలో, చదును నెత్తులకు ఆ గుంటలు ఒక్కటీ కనబడలేదు.