లేత్‌లో మెట్రిక్ త్రెడ్డింగ్‌కి నేనే చేసుకున్న క్లాపర్ టూల్ హోల్డర్: వాడి చూశాక నా అభిప్రాయం

అందరికీ నమస్తే అండి. ఈరోజు రివ్యూ కొన్న టూల్‌ది కాదు. స్క్రాప్‌లో దొరికిన ఈఎన్8 ఉక్కు చదరపు కడ్డీతో నేనే చేసుకున్న త్రెడ్డింగ్ (మరలు కోసే) టూల్ హోల్డర్‌ది. దీని ప్రత్యేకత ఒక్కటే. లేత్ (లోహపు ముక్కని, అంటే జాబ్‌ని, తిప్పుతూ కోసే మిషన్) రివర్స్ వేస్తే టూల్ దానంతట అదే పైకి లేచిపోతుంది. టూల్‌ని జాబ్ వైపుకీ వెనక్కీ జరిపే క్రాస్ స్లైడ్‌ని వెనక్కి తిప్పే పని ఉండదు.

ఇది ఎందుకు కావాల్సి వచ్చిందో ముందు చెప్తాను. మన ఆటోనగర్ షాపుల్లో ఇంకా పనిచేస్తున్న పాత లేత్‌లలో చాలావాటికి లీడ్ స్క్రూ, అంటే త్రెడ్ కోసేటప్పుడు టూల్‌ని పక్కకి నడిపే పొడవాటి మర, అంగుళాల లెక్కే. నా మిషన్‌ది 4 టీపీఐ, అంటే అంగుళానికి నాలుగు మరలు. వచ్చే జాబులేమో ఎక్కువగా మెట్రిక్. ఐటీఐలో టర్నర్ చదివినవాళ్ళకి 5పీఎన్ బై 127 ఫార్ములా (పీ అంటే మి.మీ.లో పిచ్, ఒక మర నుంచి పక్క మరకి దూరం; ఎన్ అంటే లీడ్ స్క్రూ టీపీఐ) గుర్తుండే ఉంటుంది. 2 మి.మీ. పిచ్ కావాలంటే 5 ఇంటూ 2 ఇంటూ 4, అంటే 40 బై 127. స్పిండిల్ వైపు 40 పళ్ళ గేరు, లీడ్ స్క్రూకి 127 పళ్ళ గేరు, మధ్యలో రెంటినీ కలిపే ఐడ్లర్ గేరు. గేర్ల వరకు ఇబ్బందేమీ లేదు. ఇబ్బంది, క్యారేజ్‌ని (టూల్‌ని మోసే భాగాన్ని) లీడ్ స్క్రూకి పట్టించే హాఫ్ నట్‌తోనే. ఇలా కోసేటప్పుడు దాన్ని వదలకూడదు. వదిలారంటే, మళ్ళీ ఎప్పుడు పట్టించాలో చూపే చేజింగ్ డయల్ చూసి పట్టుకున్నా టూల్ పాత గాడిలో పడదు. కాబట్టి ప్రతి కట్ తర్వాత మోటార్ ఆపాలి, టూల్ వెనక్కి లాగాలి, రివర్స్ వేసి మొదటికి రావాలి, క్రాస్ స్లైడ్ డయల్ మళ్ళీ సున్నాకి తేవాలి.

టూల్ లాగకుండా రివర్స్ వేస్తే? గేర్లలో, హాఫ్ నట్‌లో ఉన్న బ్యాక్‌లాష్ (లూజు) తీరేదాకా క్యారేజ్ కదలదు. జాబ్ మాత్రం తిరుగుతూ ఉంటుంది. గాడిలో ఉన్న మొన పక్క గోడని చెక్కేస్తుంది, లేదా మొనే విరుగుతుంది. పది బోల్టులు చేయాల్సిన రోజు, సాయంత్రానికి చెయ్యి అలసిపోయిన వేళ, ఈ ఒక్క అడుగు తప్పితే జాబ్ పోయినట్టే.

షేపర్ మిషన్ (టూల్ ముందుకీ వెనక్కీ కదులుతూ చెక్కేది) మీద పనిచేసినవాళ్ళకి క్లాపర్ బాక్స్ తెలుసు కదా. టూల్‌ని మోసే ర్యామ్ వెనక్కి వచ్చేటప్పుడు టూల్ లేచి టక్ టక్ మంటుంది. దాన్నే లేత్‌కి తెచ్చుకున్నాం.

కెమెరా దగ్గరికి తెస్తున్నా, చూడండి. ఇది 25 మి.మీ. చదరపు బాడీ. ముందు భాగంలో పై నుంచి 12 మి.మీ. వెడల్పు గాడి తీశాను, అడుగు అలాగే ఉంచాను. ఆ గాడిలో సరిగ్గా కూర్చునేలా ఈ ముక్క, దీన్నే నాలుక అనుకుందాం. రెంటికీ అడ్డంగా 8 మి.మీ. డోవెల్ పిన్, నాలుక దాని చుట్టూనే తిరుగుతుంది. నాలుక ముందు చివర పావు అంగుళం హెచ్‌ఎస్‌ఎస్ (హై స్పీడ్ స్టీల్) బిట్ ఉంది, పై నుంచి రెండు గ్రబ్ స్క్రూలు (తల లేని స్క్రూలు) దాన్ని బిగిస్తున్నాయి. కట్ నడిచేటప్పుడు జాబ్ టూల్‌ని కిందికి నొక్కుతుంది, నాలుక గాడి అడుగు మీద ఆనుకుంటుంది. అంటే బరువంతా అడుగు మోస్తుంది, పిన్ మీద పడదు.

ఇక్కడ ఒక్క కొలత ఉంది, దీని మీదే అంతా నిలబడింది. పిన్ సెంటర్ టూల్ మొన కంటే కిందికి ఉండాలి. నాది 6 మి.మీ. కింద ఉంది. వేలితో లేపుతున్నా చూడండి. మొన పైకి వెళ్తూనే వెనక్కి, మన వైపుకి వస్తోంది. జాబ్ నుంచి దూరం అవుతోంది. అదే పిన్ మొన కంటే పైన ఉంటే, లేచేటప్పుడు మొన ముందుకి జరిగి గాడిలోకి పొడుచుకుంటుంది. చేసుకోవాలనుకునేవాళ్ళు ముందు కాగితం మీద కంపాస్‌తో పిన్ చుట్టూ ఒక వంపు గీసి చూసుకోండి, వెంటనే అర్థమవుతుంది.

రెండోది ఫిట్టింగ్. నాలుక పైకీ కిందికీ తేలిగ్గా ఆడాలి, పక్కకి మాత్రం కదలకూడదు. పక్కకి కదిలితే పిచ్ పాడవుతుంది. నేను మార్కింగ్ బ్లూ రాసి, మందపాటి అద్దం మీద పరిచిన ఎమరీ కాగితం మీద నాలుకని రుద్దుతూ కూర్చోబెట్టాను. పిన్ రంధ్రాన్ని సరిగ్గా కొలతకి నునుపుగా తీసే రీమర్ తప్పనిసరి. ఉత్త డ్రిల్‌తో వదిలేస్తే లూజు పోదు. ఓపిక అంతా ఇక్కడే పెట్టండి, మిగతాది ఎవరైనా చేసేదే.

ఇప్పుడు జాబ్. ఎం16 (16 మి.మీ. వ్యాసం), 2 మి.మీ. పిచ్, మైల్డ్ స్టీల్. బిట్ 60 డిగ్రీలకి గ్రైండ్ చేసి, కోణం చూసే సెంటర్ గేజ్ పెట్టి నిటారుగా కట్టాను. త్రెడ్ లోతు పిచ్‌కి 0.613 రెట్లు, అంటే 1.23 మి.మీ. క్రాస్ స్లైడ్ మీదుండే చిన్న స్లైడ్, కాంపౌండ్‌ని, 29 డిగ్రీలు తిప్పాను కాబట్టి దాని డయల్ మీద దాదాపు 1.4 మి.మీ. వెళ్ళాలి. వేగం తగ్గించే బ్యాక్ గేర్‌లో నెమ్మదిగా, చివర టూల్ ఆగడానికి అండర్‌కట్ (గాడి) ఉంది. ఆపాను. జాబ్ పూర్తిగా ఆగింది. ఇప్పుడు రివర్స్. అదిగో, లేచింది! మొన గాడి అంచుల మీద తేలుతూ వెనక్కి వస్తోంది. మొదటికి వచ్చాక నాలుక తన బరువుకి తానే కిందపడింది. నేను ముట్టుకున్నది కాంపౌండ్ డయల్ ఒక్కటే. మొదట్లో 0.2 చొప్పున, చివర్లో 0.05 చొప్పున.

బ్రష్‌తో శుభ్రం చేశాను, నట్ ఎక్కిస్తున్నా. చివరిదాకా వేళ్ళతోనే వెళ్తోంది, ఊగడం లేదు. త్రెడ్ రెండు గోడలూ ఒకేలా మెరుస్తున్నాయి, భూతద్దంలో చూసినా చిరుగు లేదు. ఇది చూస్తే నాకు చాలా సంతోషంగా ఉందండి.

పైపుల బీఎస్‌పీ, పాత పంపుల విట్‌వర్త్ త్రెడ్లకి 55 డిగ్రీలు, 1841లో జోసెఫ్ విట్‌వర్త్ పెట్టిన కోణం. దానికి వేరే బిట్ గ్రైండ్ చేసి మార్చుకోవడమే.

ఎక్కడ పనికిరాదో కూడా వినండి. కార్బైడ్ ఇన్సర్ట్ వద్దు. రివర్స్‌లో మొన కొంచెం రాసుకుంటూ వస్తుంది, ఆ రాపిడికి కార్బైడ్ అంచు రాలుతుంది. హెచ్‌ఎస్‌ఎస్ తట్టుకుంటుంది. ఇత్తడి మీద సన్నని గీత పడుతుంది, కనిపించే జాబ్ అయితే పాత పద్ధతిలో క్రాస్ స్లైడ్ లాగేయండి. లోపలి త్రెడ్లకి ఈ హోల్డర్ కుదరదు. మీ చక్ స్పిండిల్‌కి మరతో బిగించేది అయితే, మోటార్ తిరుగుతుండగా ఒక్కసారిగా రివర్స్ వేయకండి, చక్ ఊడి వస్తుంది. పూర్తిగా ఆగాకే వేయండి. నాలుక లేస్తోందో లేదో చూడ్డానికి చక్ తిరుగుతున్నప్పుడు వేలు అసలే పెట్టకండి.

అంగుళాల లీడ్ స్క్రూ ఉండి, రోజూ మెట్రిక్ పని చేసేవాళ్ళు దీన్ని తప్పకుండా చేసుకోవాలని నా మాట. మీది మెట్రిక్ లీడ్ స్క్రూ అయితే చాలా పిచ్‌లకి హాఫ్ నట్ వదిలేసే వీలుంటుంది, దీని అవసరం అంతగా ఉండదు. 2 మి.మీ. పిచ్ దాటితే ఈ పావు అంగుళం బిట్ మీద నేను భారం వేయను. ఎం24కి, 3 మి.మీ. పిచ్ కోసం, 3/8 బిట్‌తో, 10 మి.మీ. పిన్‌తో పెద్దది మొదలుపెట్టాను. బాడీ గాడి తీయడం అయింది, నాలుక ఫిట్టింగ్ వచ్చే వీడియోలో మొదటి నుంచి చూపిస్తాను. ఉంటానండి.