అమలాపురం నుంచి డాలస్‌కి గాలిలో ఎంత దూరం?

[తెర మీద: నరసాపురం రేవు. పంటు మీదకి మోటార్ సైకిళ్ళు ఎక్కుతున్నాయి.]

అదిగో, గోదారికి అవతల కనిపిస్తున్నది సఖినేటిపల్లి. పంటు ఎక్కితే ఇలా దాటేస్తాం. రోడ్డు మీదే వెళ్ళాలంటే చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరగాలి. ఊళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి, దూరాలు మాత్రం రెండు. విమానం సంగతీ అంతే. ఏ దూరం కావాలో ముందు తేల్చుకోవాలి.

అమలాపురంలో మా పక్కింటి మామ్మగారి మనవడు డాలస్‌లో ఉంటాడు. "అబ్బాయి ఎంత దూరంలో ఉన్నాడు బాబూ?" అని అడిగారు. గోడ మీది ప్రపంచ పటంలో పడమర వైపు వేలితో గీత గీసి చూపించాను. అది తప్పు. ఆ తప్పు దిద్దుకోవడానికే ఈ వీడియో.

[తెర మీద: పంపర పనసకాయ, బాల్‌పెన్ను, పూలు కట్టే దారం.]

భూమి గుండ్రం, పటం బల్లపరుపు. అందుకే పటం పక్కన పెట్టి పెరట్లోంచి ఈ కాయ కోసుకొచ్చాను. తొడిమ ఉత్తర ధ్రువం అనుకోండి. అమలాపురం 82 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, డాలస్ 97 డిగ్రీల పడమర రేఖాంశం మీద. కలిపితే 179. అంటే తొడిమకి ఇటు మనం, సరిగ్గా అటు పక్క డాలస్!

రెండు చుక్కలు పెట్టాను. ముందు దారాన్ని కాయ పక్కనుంచి చుట్టి కొలిచాను. ఇప్పుడు అదే దారం తొడిమ మీదుగా లాగుతున్నాను... చూశారా, వేలెడు దారం మిగిలిపోయింది. ఈ దగ్గర దారినే మహావృత్త మార్గం అంటారు.

ఇప్పుడు లెక్క. ధ్రువం 90 డిగ్రీల అక్షాంశం; అందులోంచి ఊరి అక్షాంశం తీసేస్తే అమలాపురం నుంచి ధ్రువానికి 73.4 డిగ్రీలు, అక్కణ్ణుంచి డాలస్‌కి 57.2. మొత్తం 130.6. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు కాబట్టి డిగ్రీకి 111. గుణించండి, దాదాపు 14,500 కిలోమీటర్లు. మన అక్షాంశం పట్టుకుని పడమరకే పోతే డాలస్ రేఖాంశం అందుకోవడానికే దగ్గర దగ్గర 19,000 అవుతుంది. ఆ పైన ఉత్తరానికి ఎక్కాలి కూడా.

వేరే ఊళ్ళకైతే ఇంత తేలిగ్గా కుదరదు. కంప్యూటర్‌లో గూగుల్ మ్యాప్స్ తెరిచి, ఊరి మీద రైట్ క్లిక్ చేస్తే దూరం కొలిచే ఆప్షన్ వస్తుంది. గీత వంకరగా కనిపిస్తే కంగారు పడకండి. వంకర పటానిది, దారిది కాదు.

మనవడు వెళ్ళిన దారి వేరు. రాజమండ్రి విమానాశ్రయం ఉన్న మధురపూడి నుంచి శంషాబాద్ 360 కిలోమీటర్లు, అక్కణ్ణుంచి దుబాయ్ 2,550, దుబాయ్ నుంచి డాలస్ 12,900. కలిపితే 15,800 పైమాటే.

ఇంకొకటి, దూరం తగ్గితే టైమ్ తగ్గుతుందని లేదు. 2016లో ఎయిర్ ఇండియా తన ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానాన్ని అట్లాంటిక్ వదిలి పసిఫిక్ మీదుగా నడిపింది. దారి వెయ్యి కిలోమీటర్లకు పైగా పెరిగినా, పైన తూర్పుకి వీచే గాలి వెనకనుంచి తోయడంతో ముందే చేరింది.

[తెర మీద: పెంకుటింటి అరుగు. మామ్మగారి చేతిలో పంపర పనసకాయ.]

కాయా దారం మామ్మగారికి చూపించాను. తొడిమ మీద వేలు పెట్టి కాసేపు చూసుకున్నారు.

"అయితే మావాడు ద్రాక్షారామం వైపున్నాడన్నమాట."

అవునండి, అటే. ఉత్తరానికి.